ఆరు రోజులుగా జ్వరం: విడాల్ పాజిటివ్, ప్లేట్‌లెట్లు 82 వేలు. టైఫాయిడా, డెంగీనా?

తిరుపతిఅమ్మ · అక్టోబర్ 16, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. మా పాపకి ఏడేళ్ళు, రెండో తరగతి. పోయిన శనివారం సాయంత్రం జ్వరం మొదలైంది, ఈరోజుకి ఆరో రోజు. పారాసిటమాల్ వేస్తే 100కి దిగుతుంది, నాలుగ్గంటలు తిరక్కుండానే మళ్ళీ 103. తలనొప్పి, కడుపునొప్పి అంటోంది. దగ్గు లేదు. మొహం కాస్త ఉబ్బినట్టుంది.

నాలుగో రోజు అడ్మిట్ చేశాం. టైఫాయిడ్‌కి చేసే విడాల్ రక్తపరీక్ష పాజిటివ్ (టీఓ 1:160, టీహెచ్ 1:160) అన్నారు, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. నిన్న ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు, ఈరోజు 82 వేలు. దాంతో డెంగీ అనుమానం వచ్చింది. డెంగీ పరీక్ష ఎన్ఎస్1 నెగటివ్. యాంటీబాడీలు చూసే ఐజీఎం పంపారు, రిపోర్టు రాలేదు. సీఆర్‌పీ (ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగేది) 96. లివర్ పరీక్ష ఎస్‌జీఓటీ 180. లివర్ కొంచెం తగులుతోందన్నారు.

డాక్టరు గారు మంచివారే, చెప్పింది చెప్పినట్టు చెబుతారు. "ఇంకా తేలలేదమ్మా, చూస్తున్నాం" అన్నారు. ఆ మాటే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఇలా ఎవరి పిల్లలకైనా అయిందా?

గోదారోడు · రాత్రి 11:52

అక్కా టెన్షన్ పడకండి. బొప్పాయి ఆకు రసం పట్టించండి, రెండు రోజుల్లో ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటతాయి. మా బావమరిదికి అలాగే తగ్గింది.

పిల్లలడాక్టర్ · అక్టోబర్ 17, రాత్రి 12:20

ఒంగోల్లో పిల్లల డాక్టర్‌ని. ఇక్కడ కూర్చుని మీ పాపకి ఏమిటో చెప్పలేను, చెప్పకూడదు కూడా. అయితే మీరు రాసిన అంకెలని ఎలా చదవాలో చెప్పగలను.

ముందు బొప్పాయి సంగతి. గోదారోడు గారూ, డెంగీలో ఏడో రోజు దాటాక ప్లేట్‌లెట్లు వాటంతట అవే పెరుగుతాయి. అదే రోజుల్లో ఎవరు ఏది తాగితే దానికి పేరొస్తుంది. వాంతులతో ఉన్న పిల్లకి ఆ చేదు రసం పడితే ఉన్న నీళ్ళు కూడా బయటికి పోతాయి.

ఇక డెంగీ. ఎన్ఎస్1 మొదటి నాలుగైదు రోజులు బాగా పట్టిస్తుంది. ఆ తర్వాత నెగటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ కాదని కొట్టెయ్యలేం. ఐదో రోజు నుంచి ఐజీఎం చూడాలి. అందుకే రిపోర్టు చేతికి రాగానే నేను మొదట అడిగేది "ఇది జ్వరం ఎన్నో రోజున తీసిన రక్తం?" అని. ఆ సంఖ్య తెలియకుండా పాజిటివ్, నెగటివ్ అన్న మాటలకి అర్థం లేదు.

ప్లేట్‌లెట్ల కంటే నేను ఎక్కువ చూసేది పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం. డెంగీలో రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది, రక్తం చిక్కబడుతుంది, పీసీవీ పైకి పోతుంది. మామూలుగా ఉండేదాని మీద ఐదోవంతు పెరిగిందంటే జాగ్రత్త పడాలి. మీ పాపది మొదట ఎంత, ఇప్పుడు ఎంత?

సీఆర్‌పీ 96 అన్నారు. ఒట్టి డెంగీలో సాధారణంగా అంత పెరగదు. ఇది తీర్పు కాదు. ఈ రాత్రి నా మనసుని కొంచెం డెంగీ నుంచి పక్కకి తిప్పే అంకె, అంతే.

తిరుపతిఅమ్మ · రాత్రి 12:31

పీసీవీ అడ్మిట్ అయిన రోజు 34, ఈరోజు 33 డాక్టర్ గారూ. ఫైల్లో చూసి రాస్తున్నా. ఇంజెక్షన్ మూడు రోజులుగా పడుతోంది కదా, టైఫాయిడ్ అయితే ఈపాటికి తగ్గాలి కదా?

పిల్లలడాక్టర్ · రాత్రి 12:44

తగ్గాలని లేదు. టైఫాయిడ్‌లో సరైన మందు పడ్డా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. మూడో రోజుకే "మందు పనిచేయడం లేదు" అని ఇంకో యాంటీబయాటిక్ ఎక్కించడం మేము తరచూ చేసే పొరపాటు. టైఫాయిడ్ అనుమానం ఇంకా పోలేదు. ఇంజెక్షన్‌కి ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమిని పెంచి చూసే పరీక్ష) తీశారా?

తిరుపతిఅమ్మ · రాత్రి 12:47

తీశారు. రెండు సీసాలు. ఇంతవరకూ ఏమీ పెరగలేదన్నారు.

ల్యాబ్‌బాబాయ్ · రాత్రి 1:05

ఇరవై రెండేళ్ళుగా ల్యాబ్‌లో ఉన్నాను తల్లీ, విడాల్ గురించి నన్ను చెప్పనీ. ఈ టెస్టు పుట్టింది 1896లో. ఒకే ఒక్కసారి చేసి 1:160 వచ్చిందని టైఫాయిడ్ ముద్ర కొట్టడం మన ఊళ్ళలో అలవాటైపోయింది. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరం తాలూకు యాంటీబాడీలు మిగిలి ఉండొచ్చు. టైఫాయిడ్‌కి దగ్గరి చుట్టమైన ఇంకో క్రిమి కావచ్చు. వేరే జ్వరంలో కూడా కాస్త లేస్తుంది. వారం పది రోజుల ఎడంతో రెండుసార్లు చేసి నాలుగు రెట్లు పెరిగితే అప్పుడు మాట. ఆ రెండోసారి ఎవరూ రారు, జ్వరం తగ్గిపోయి ఉంటుంది కదా.

కల్చరే అసలు పరీక్ష. అయితే అదీ దేవుడేం కాదు. నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్ళలో కూడా సగానికి కాస్త ఎక్కువ మందిలోనే పట్టుకుంటుంది. అప్పటికే బయట రెండు మూడు డోసులు యాంటీబయాటిక్ మింగి వచ్చుంటే ఇంకా తక్కువ.

ఇంకోటి. ప్లేట్‌లెట్లు తక్కువన్నప్పుడు స్లైడ్ కింద చూశారో లేదో అడుగు. చిన్నపిల్లల రక్తం ఆలస్యంగా చుక్క చుక్క పడితే ఊదారంగు మూత గొట్టంలో సన్నటి గడ్డ కడుతుంది. మిషన్ ఆ గడ్డలో చిక్కుకున్న ప్లేట్‌లెట్లని లెక్కపెట్టదు. 40 వేలని రిపోర్టు ఇచ్చి, స్లైడ్ చూస్తే లక్షన్నర ఉన్న పిల్లల్ని చూశాను. మీ పాపకి వరసగా తగ్గుతోంది కాబట్టి నిజమే కావచ్చు. అయినా అడుగు.

నిజంచెప్తా · రాత్రి 1:20

అన్నీ డబ్బుల కోసమే. రోజుకి రెండుసార్లు రక్తం తీయడం దేనికి? మా రోజుల్లో ఒక్క మాత్రతో తగ్గేది.

ల్యాబ్‌బాబాయ్ · రాత్రి 1:24

మీ రోజుల్లో తగ్గని పిల్లల గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు బాబూ.

విశాఖసిస్టర్ · రాత్రి 1:38

నైట్ డ్యూటీలో ఉన్నాను, రెండు నిమిషాల్లో రాస్తా. అమ్మా, పాపని ఈమధ్య ఎక్కడికైనా ఊరికి తీసుకెళ్ళారా? పొలం, తోట, గడ్డి, పశువుల కొట్టం?

తిరుపతిఅమ్మ · రాత్రి 1:45

దసరా సెలవులకి పలమనేరు దగ్గర మా అమ్మావాళ్ళ ఊళ్ళో ఉంది. పది రోజులు చెనిక్కాయ చేలోనే. అవ్వ వెనకాలే తిరిగింది. గడ్డివామి ఎక్కి దూకడం, ఇంకేం పని లేదు. మూడో తారీఖు తీసుకొచ్చాం. అక్కడ ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది, అందుకే ఆ సంగతి నేను డాక్టరు గారికి చెప్పనే లేదు.

విశాఖసిస్టర్ · రాత్రి 1:52

అయితే ఒక పని చెయ్యండి. పాప నిద్రపోతున్నా సరే, లైటు వేసి ఒళ్ళంతా చూడండి. చంకలు, చెవుల వెనక, మెడ, జుట్టు కుదుళ్ళు, బొడ్డు, నడుము మీద లాగు బొందు ఒత్తుకునే చోటు, గజ్జలు, పిరుదుల మడత. నల్లటి పక్కు కట్టిన చిన్న పుండు కోసం వెతకండి. మినపగింజంత ఉంటుంది, చుట్టూ ఎర్రగా వలయం. సిగరెట్‌తో చురక పెట్టినట్టుంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే పిల్లలు చెప్పరు. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరంలో కనిపించే మచ్చ అది. దాన్ని ఎస్కార్ అంటారు.

కనపడకపోయినా స్క్రబ్ కాదని కాదు. చాలామందికి మచ్చ కనిపించదు. కనిపిస్తే మాత్రం ఏ రిపోర్టూ దానికి సాటి రాదు.

పాడేరు_మాస్టారు · ఉదయం 5:15

మా ఏజెన్సీలో జ్వరం అంటే ముందు మలేరియా. మా బడి పిల్లలకి ఆశా కార్యకర్తే వేలిమీద పొడిచి కిట్‌తో చూసేస్తుంది. ఒకసారి నెగటివ్ వచ్చి, మర్నాడు చలి జ్వరంలో తీసిన రక్తంలో బయటపడ్డవాళ్ళూ ఉన్నారు. పాపకి స్మియర్ చూశారా? రోనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో ఆ క్రిమిని పట్టుకుంది మన సికింద్రాబాద్‌లోనే కదా, అయినా ఇప్పటికీ మనమే మర్చిపోతాం.

తిరుపతిఅమ్మ · ఉదయం 5:50

మాస్టారూ, మలేరియా రెండుసార్లు చూశారు, లేదు.

సిస్టర్, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. చంకలు చూశాను, నడుము చూశాను, ఏమీ లేదు. జ్వరం వచ్చిన రోజు వేసిన జడ అలాగే ఉండిపోయింది, చెమటకి అట్టగట్టింది. నాలుగున్నరకి జడ విప్పి దువ్వుతుంటే కుడి చెవి వెనక, జుట్టు మొదలయ్యేచోట కనిపించింది. నల్లగా పొక్కు, చుట్టూ ఎర్రగా. ముట్టుకున్నా పాప కదల్లేదు. దాని కింద మెడలో చిన్న గడ్డ కూడా తగులుతోంది.

అసలు విషయం ఏంటంటే, దాన్ని నేను ఇంతకుముందే చూశాను. స్కూల్ తెరిచిన వారంలో తలస్నానం చేయిస్తుంటే. పేను కుట్టి గీక్కుందేమో అనుకుని కొబ్బరినూనె రాసి వదిలేశాను. అడ్మిట్ చేసిన రోజు డాక్టరు గారు "ఒంటిమీద ఏమైనా మచ్చలు, పుళ్ళు?" అని అడిగారు కూడా. లేవని చెప్పింది నేనే. ఆయన చొక్కా ఎత్తి పొట్ట, వీపు చూశారు. జడ కింద ఎవరు చూస్తారు?

విశాఖసిస్టర్ · ఉదయం 6:02

ఫోటో తీసి పెట్టుకోండి, కానీ రౌండ్స్ దాకా ఆగకండి. ఇప్పుడే డ్యూటీ డాక్టర్‌ని పిలిచి చూపించండి. ఊరెళ్ళిన సంగతి కూడా చెప్పండి. మీ తప్పేం లేదు, ఐసీయూలో పడక మీద ఉన్న పిల్లకి మూడో రోజున గానీ మేమే ఈ మచ్చ చూసుకోని సందర్భాలున్నాయి.

పిల్లలడాక్టర్ · ఉదయం 7:30

ఇప్పుడు మిగతా ముక్కలు సర్దుకుంటున్నాయి. మొహం ఉబ్బు, లివర్ పెరగడం, ప్లేట్‌లెట్లు తగ్గినా పీసీవీ కదలకపోవడం, సీఆర్‌పీ ఎక్కువ, ఎస్‌జీఓటీ ఎక్కువ, ఊరినుంచి వచ్చిన ఎనిమిదో రోజున జ్వరం. కుట్టాక సుమారు పది రోజులకి ఈ జ్వరం వస్తుంది. నిర్ణయం మాత్రం మంచం పక్కనున్న డాక్టరుదే.

ఇక్కడ చదివేవాళ్ళ కోసం రెండు మాటలు. స్క్రబ్ టైఫస్ క్రిమి మన కణాల లోపలికి దూరి బతుకుతుంది. సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులు దాన్ని ఏమీ చేయలేవు. డాక్సీసైక్లిన్ గానీ అజిత్రోమైసిన్ గానీ కావాలి. అవి చవక మందులు, ప్రతి మెడికల్ షాపులో దొరికేవి. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది. ఉత్తరప్రదేశ్‌లో గోరఖ్‌పూర్ చుట్టుపక్కల ఏటా వానాకాలం చివర మెదడువాపుతో వచ్చే పిల్లల్లో చాలామందికి మూలం స్క్రబ్ టైఫస్ అని గత పదేళ్ళలోనే తేలింది. అంతకు ముందు ఏళ్ళ తరబడి అందరి కళ్ళూ దోమల వల్ల వచ్చే జపనీస్ ఎన్‌కెఫలైటిస్ అనే మెదడువాపు మీదే ఉండేవి.

గోదారోడు · ఉదయం 8:10

ఇది పిడుదులు కుడితే వస్తుందా డాక్టర్ గారూ? మా గేదెలకి నిండా పిడుదులే.

పిల్లలడాక్టర్ · ఉదయం 8:25

కాదు. పిడుదు కంటికి కనిపిస్తుంది. ఇది మైట్ అనే పురుగు పిల్ల. ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు. పొదలు, గడ్డి, ఎలకలు తిరిగే గట్లు దాని నివాసం. పిల్ల దశలోనే కుడుతుంది, కుట్టినట్టు తెలియదు. పిడుదుల వల్ల వచ్చే టైఫస్ వేరే ఉంది, అందులో అరచేతులు, అరికాళ్ళ మీదా మచ్చలొస్తాయి.

డాలస్_నాన్న · ఉదయం 9:40

ఒంటిమీద చూడటం అంటే మా బాబు గుర్తొచ్చాడు. హైదరాబాద్‌లో పుట్టాడు, ఏడాది నిండాక ఇక్కడికి తెచ్చుకున్నాం. రెండేళ్ళప్పుడు ఐదు రోజులు జ్వరం. కళ్ళు ఎర్రగా, కానీ పుసి లేదు. పెదాలు పగిలి రక్తం. మొదట గొంతు ఇన్ఫెక్షన్ అన్నారు, తర్వాత ఏదో వైరస్ అన్నారు. ఆరో రోజు స్నానం చేయిస్తుంటే మా ఆవిడ చూసింది, ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ ఎర్రగా ఉబ్బి ఉంది. పుట్టినప్పుడు వేసిన టీకా మచ్చ ఇప్పుడు వాచడం ఏంటి?

ఇక్కడ పిల్లలకి బీసీజీ వేయరు. ఎమర్జెన్సీలో మొదటి డాక్టర్‌కి ఆ మచ్చ ఏమిటో కూడా తెలియదు. తర్వాత వచ్చినావిడ జపాన్‌లో కొంతకాలం పనిచేశారట. భుజం చూడగానే "కవసాకీ" అన్నారు. గుండెకి ఎకో స్కాన్ తీసి, పది రోజులు దాటకుండా ఐవీఐజీ (యాంటీబాడీల మందు) ఎక్కించారు. గుండె రక్తనాళాలు బాగానే ఉన్నాయి. ఆ తర్వాత ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టీకాలు 11 నెలలు వాయిదా వేశారు.

పిల్లలడాక్టర్ · ఉదయం 11:05

డాలస్ గారూ, మన దేశంలో ఇది చాలా పనికొచ్చే గుర్తు. ఇక్కడ దాదాపు ప్రతి పిల్లకీ బీసీజీ మచ్చ ఉంటుంది, చొక్కా చెయ్యి కొంచెం ఎత్తితే చాలు. తొమిసాకు కవసాకీ 1967లో యాభై మంది పిల్లల్ని వర్ణించి రాసిన జబ్బు ఇది. ఐదు రోజుల జ్వరం, ఎర్ర కళ్ళు, పగిలిన పెదాలు, దద్దురు, చేతులు కాళ్ళ వాపు, మెడలో గడ్డ. చికిత్స చేయకపోతే నలుగురిలో ఒకరికి గుండె రక్తనాళాలు ఉబ్బుతాయి. ప్లేట్‌లెట్లు ఇందులో రెండో వారంలో పెరుగుతాయి, డెంగీకి పూర్తి విరుద్ధం. చేతి వేళ్ళ చర్మం పొరలుగా ఊడేది కూడా రెండో వారంలోనే. అప్పుడు వస్తే ఎవరైనా చెబుతారు, కానీ బండి వెళ్ళిపోయాక స్టేషన్‌కి చేరినట్టు.

2020, 21లో కోవిడ్ తర్వాత పిల్లల్లో ఒళ్ళంతా వాపు తెచ్చిన ఎంఐఎస్-సీ అనే జబ్బు కూడా ఇలాగే కనిపించేది. కొంతమంది పిల్లల్ని డెంగీ వార్డులోంచి వెనక్కి తెచ్చుకున్నాం. అది వేరే పెద్ద కథ.

తిరుపతిఅమ్మ · మధ్యాహ్నం 12:15

డాక్టరు గారు మచ్చ చూశారు. నిన్న ఐజీఎంతో పాటే స్క్రబ్ ఐజీఎం కూడా పంపానని అప్పుడు చెప్పారు! మచ్చ కనపడ్డాక రిపోర్టు కోసం ఆగక్కర్లేదన్నారు. పదిన్నరకి డాక్సీసైక్లిన్ మొదటి డోసు పడింది. ఇక్కడో సందేహం: మా పక్క బెడ్ ఆవిడ "ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి ఆ మందు వేస్తే పళ్ళు పచ్చబడతాయి" అంటోంది. పాపకి ఇప్పుడిప్పుడే ముందు పళ్ళు వస్తున్నాయి.

పిల్లలడాక్టర్ · మధ్యాహ్నం 12:40

అది పాత టెట్రాసైక్లిన్ మీద ఉన్న మాట, మేము కూడా చదువుకునేటప్పుడు అదే బట్టీ పట్టాం. డాక్సీసైక్లిన్ కొద్ది రోజులు వాడితే పళ్ళకి మరకలు పడవని తేలింది. ఈ జబ్బులో ఏ వయసు పిల్లలకైనా వాడొచ్చు. పళ్ళ గురించి మీరు దిగులు పడకండి. మందు మింగాక నీళ్ళు ఎక్కువ తాగించండి, వెంటనే పడుకోబెట్టకండి, గొంతు మంట పెడుతుంది.

నిజంచెప్తా · మధ్యాహ్నం 1:10

అయితే మొదటే ఆ మందు వేసెయ్యొచ్చు కదా, ఇన్ని టెస్టులు ఎందుకు?

పిల్లలడాక్టర్ · మధ్యాహ్నం 1:30

ఈసారి మీరు అడిగింది మంచి ప్రశ్న. వానాకాలం దాటాక, ఊరికి వెళ్ళొచ్చిన పిల్లకి ఐదు రోజులు దాటిన జ్వరం, డెంగీ మలేరియా తేలకపోతే, రిపోర్టు రాకముందే డాక్సీ మొదలుపెడతాం. కానీ అదే మందు పడ్డ పిల్లకి నిజంగా డెంగీ ఉండి, పీసీవీ 45 దాకా ఎక్కి, "జ్వరం తగ్గిందిలే" అని ఇంటికి పంపేస్తే ఏమవుతుంది? డెంగీలో గండం జ్వరం దిగిన రోజునే. చేతులు కాళ్ళు చల్లబడటం, ఆగని వాంతులు, కడుపునొప్పి, మత్తుగా ఉండటం, ఒంటేలు తగ్గడం. వీటి కోసమే రోజుకి రెండుసార్లు రక్తం. ఇంకో సంగతి, డెంగీ అనుమానం ఉన్నన్నాళ్ళూ బ్రూఫెన్ ముట్టుకోవద్దు.

పాడేరు_మాస్టారు · సాయంత్రం 6:20

2003లో మన రాష్ట్రంలో పిల్లలకి వచ్చిన మెదడువాపు గుర్తుందా డాక్టరు గారూ? సాయంత్రం ఆడుకున్న పిల్ల తెల్లారేసరికి లేదు. మా ఊళ్ళో అందరూ చేతబడి అన్నారు.

పిల్లలడాక్టర్ · రాత్రి 9:15

మర్చిపోలేను, అప్పుడు హౌస్ సర్జన్‌ని. చండీపురా వైరస్ అని తర్వాత తేలింది. 329 మంది పిల్లల్లో 183 మంది పోయారు. ఇసుక దోమ వల్ల వచ్చేది. దానికి ఇప్పటికీ మందు లేదు. అందుకే మందు ఉన్న జబ్బుని దాటవేయడం అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

తిరుపతిఅమ్మ · అక్టోబర్ 18, రాత్రి 8:50

మధ్యాహ్నం నుంచి జ్వరం లేదు. 98.4. పారాసిటమాల్ వేయకుండా! సాయంత్రం ఇడ్లీ అడిగింది, ఒకటిన్నర తింది. స్క్రబ్ ఐజీఎం పాజిటివ్ వచ్చింది. డాక్టరు గారు ఇద్దరు పీజీ పిల్లల్ని పిలిచి పాప చెవి వెనక చూపించారు. పాప సిగ్గుతో దుప్పట్లో దూరింది.

విశాఖసిస్టర్ · రాత్రి 9:30

సరిగ్గా పడితే రోజున్నర, రెండు రోజుల్లో జ్వరం అలా దిగిపోతుంది. కోర్సు మాత్రం మధ్యలో ఆపకండి.

గోదారోడు · రాత్రి 9:41

అక్కా చాలా సంతోషం. బొప్పాయి మాట వెనక్కి తీసుకుంటున్నా 🙏

తిరుపతిఅమ్మ · అక్టోబర్ 20, సాయంత్రం 4:10

ఇంటికి వచ్చేశాం. దీపావళి కదా, వీధంతా పొగ. ప్లేట్‌లెట్లు లక్షా అరవై వేలు. అవ్వ ఫోన్లో ఏడుస్తోంది, తన చేలో పట్టుకుందని. సంక్రాంతికి పంపమంటోంది. పంపొచ్చా? ఒకసారి వస్తే మళ్ళీ రాదు కదా?

పిల్లలడాక్టర్ · సాయంత్రం 5:00

మళ్ళీ రావచ్చు, దీనికి టీకా లేదు. అలాగని అవ్వని దూరం చెయ్యకండి. నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, చేలోంచి రాగానే స్నానం, విడిచిన బట్టలు మళ్ళీ తొడగకుండా ఉతకడం. బట్టలు పొదల మీద ఆరేయొద్దు. ఒట్టి నేల మీదా, గడ్డిలోనూ కూర్చోకుండా ఓ దుప్పటి వేసుకోమనండి.

పాడేరు_మాస్టారు · సాయంత్రం 5:20

గడ్డివామి ఎక్కొద్దని ఏడేళ్ళ పిల్లకి చెప్పి ఒప్పించగలిగినవాళ్ళుంటే ఇక్కడ రాయండి, వచ్చి దణ్ణం పెట్టుకుంటా.

తిరుపతిఅమ్మ · అక్టోబర్ 21, ఉదయం 11:30

ఇందాక హాస్పిటల్ నుంచి ఫోన్. బ్లడ్ కల్చర్ చివరి రిపోర్టు వచ్చిందట, ఏమీ పెరగలేదు. డెంగీ ఐజీఎం కూడా నెగటివ్. ఈ కాగితాలు తీసుకోవడానికి రేపు వెళ్ళాలి. పాప ఇక జడ వేయించుకోనంటోంది. రెండు పిలకలకి ఒప్పుకుంది, అదీ చెవుల పైన.